న్యాయవాద వృత్తికి వన్నె తెచ్చిన బూర్గుల రామకృష్ణారావు

(మార్చి 13న బూర్గుల జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తిరుమలగిరి, మార్చి 12: హైదరాబాద్ రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకున్న శాసనసభ ద్వారా ముఖ్యమంత్రి పదవి చేపట్టిన తొలి నాయకుడిగా, కేరళ, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల గవర్నరుగా, బహుభాషా పండితుడిగా శ్రీ బూర్గుల రామకృష్ణారావు చరిత్రలో చిరస్మరణీయులు. అయితే మంత్రి కాకముందు ఆయన సుమారు 27 సంవత్సరాలు న్యాయవాది. ఆయన నల్లకోటు ధరించిన నాటికి నిజాం సంస్థానంలో వకీళ్లు ఇతర ప్రాంతాల వారివలె తమ వృత్తిని తామే నియంత్రించుకునే స్థితిలో లేరు. ఏ రాజ్యం తమ యోగ్యతను నిర్ణయిస్తున్నదో ఆ రాజ్యపు లోపాలనే ఎత్తిచూపవలసిన విషమ పరిస్థితి వారిది. ఆ పరిస్థితిలో రూపుదిద్దుకున్న ఒక న్యాయవాది అధికారం చేతికి వచ్చిన తరువాత దానిని ఎలా వినియోగించారన్నది బూర్గుల జీవితంలో ప్రధానంగా పరిశీలించదగిన అంశం.

జననం, విద్యాభ్యాసం

శ్రీ రామకృష్ణారావు 1899 మార్చి 13న నాటి మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామంలో శ్రీ నరసింగరావు, శ్రీమతి రంగనాయకమ్మ దంపతులకు జన్మించారు. వీరి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ సమీపంలోని బూర్గుల గ్రామం స్వస్థలం కావడంతో ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. హైదరాబాద్‌లోని ధర్మవంత్, ఎక్సెల్షియర్ పాఠశాలల్లో చదివి, ఉన్నత విద్యకోసం పుణె వెళ్లి ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులయ్యారు. అనంతరం బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి 1923లో న్యాయశాస్త్ర పట్టా పొంది హైదరాబాద్‌కు తిరిగివచ్చి వకాలతు ప్రారంభించారు.

తెలుగు మాతృభాష కాగా సంస్కృతం, ఉర్దూ, పారశీకం, మరాఠీ, కన్నడం, ఆంగ్ల భాషలలో ఆయన ప్రవేశం సంపాదించారు. ఈ భాషాజ్ఞానం కేవలం పాండిత్య ప్రకర్షకు పరిమితమైనది కాదు. నిజాం పాలనలో న్యాయస్థానాల భాష ఉర్దూ. కక్షిదారులు మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే రైతులు, వృత్తిదారులు. తన దావాలో ఏమి రాశారో, తీర్పులో ఏమి చెప్పారో కక్షిదారుకు అర్థం కాని చోట వకీలే అతనికి న్యాయస్థానాన్ని పరిచయం చేసే దుబాసీ. కక్షిదారు మాటను, కోర్టు మాటను రెండింటినీ క్షుణ్ణంగా ఎరిగిన న్యాయవాదిగా బూర్గుల అచిరకాలంలోనే పేరు గడించారు. ఉత్తరోత్తరా భారత ప్రధానిగా పనిచేసిన శ్రీ పి.వి. నరసింహారావు యువ న్యాయవాదిగా కొంతకాలం బూర్గుల వద్దనే వృత్తి మెలకువలు నేర్చుకున్నారు.

సనదు రాజ్యానిది, బాధ్యత ప్రజలది

బూర్గుల వృత్తిలో ప్రవేశించే నాటికి హైదరాబాద్ సంస్థానంలో న్యాయవ్యవస్థ ఒక మలుపులో ఉన్నది. 1921లో నిజాం ఫర్మానా ద్వారా న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేశారు. మూసీ ఒడ్డున హైకోర్టు నూతన భవనం 1920లో ప్రారంభమైంది. వ్యవస్థ నవీనమైనప్పటికీ వకీళ్ల సనదులు హైకోర్టు చేతిలోనే ఉండేవి. ఎవరు వకాలతు చేయవచ్చునో, ఎవరి ప్రవర్తన సముచితమో, ఎవరి సనదు నిలుపుదల చేయాలో నిర్ణయించే అధికారం న్యాయస్థానానిదే. వకీళ్లు ఎన్నుకున్న మండలికి అందులో స్థానం లేదు.

సంస్థానం వెలుపల ఇదే కాలంలో పరిస్థితి మారింది. బ్రిటిష్ ఇండియాలో 1926లో ఇండియన్ బార్ కౌన్సిళ్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక్కొక్క హైకోర్టుకు 15 మంది సభ్యులతో బార్ కౌన్సిల్ ఏర్పాటుకు వీలు కలిగింది. అడ్వకేట్ జనరల్ ఒకరు, హైకోర్టు నామినేట్ చేసినవారు నలుగురు, న్యాయవాదులు ఎన్నుకున్నవారు 10 మంది అందులో ఉంటారు. ఒక న్యాయవాదిపై ఫిర్యాదు వచ్చినప్పుడు కౌన్సిల్ సభ్యుల ట్రిబ్యునల్ విచారణ జరుపుతుంది. అయితే తుది శిక్ష విధించే అధికారం హైకోర్టు వద్దనే ఉండిపోయింది. స్వయంపాలన దిశగా అది సగం అడుగు మాత్రమే. ఆ సగం అడుగు కూడా నిజాం సంస్థానానికి వర్తించలేదు.

ఈ తేడా ఫలితం ప్రజాజీవితంలో స్పష్టంగా కనిపించింది. సంస్థానంలో ప్రజల పక్షాన మాట్లాడగలిగిన విద్యావంతులలో అధిక సంఖ్యాకులు వకీళ్లే. శ్రీయుతులు మాడపాటి హనుమంతరావు, కొండా వెంకట రంగారెడ్డి, సురవరం ప్రతాపరెడ్డి, మందుముల నరసింగరావు తదితరులందరూ న్యాయశాస్త్రం చదివినవారే. వృత్తిని కాపాడే మండలి లేకున్నా ప్రజాసేవకు పూనుకోవడం వారి ధైర్యానికి నిదర్శనం.

ఆంధ్రోద్యమంలో

1921 నవంబరు 12న హైదరాబాద్‌లోని వివేకవర్ధిని ప్రాంగణంలో మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ మహాసభలో శ్రీ ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో ప్రసంగించబోగా సభికులలో కొందరు గేలిచేశారు. ఆ అవమానం తెలుగువారిని కలచివేసింది. ఆ రాత్రే శ్రీ టేకుమాల రంగారావు గృహంలో సమావేశమైన తెలుగు ప్రముఖులు ఆంధ్ర జన సంఘానికి అంకురార్పణ చేశారు. ఒక వకీలు తన మాతృభాషలో మాట్లాడలేని స్థితి నుంచి తెలంగాణలో ఆంధ్రోద్యమం పుట్టిందన్నమాట. బూర్గుల ఆ ఉద్యమంలో తొలినాళ్ల నుంచి క్రియాశీల పాత్ర నిర్వహించారు.

ఈ ఉద్యమం 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన సభతో ఆంధ్ర మహాసభ రూపం దాల్చింది. రెండవ మహాసభ 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో జరుగగా దానికి శ్రీ బూర్గుల అధ్యక్షత వహించారు. ఆనాడు సభ జరపాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమని శాసించే గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్నది. సభలో ఏమి మాట్లాడదలచారో, ఎవరు అధ్యక్షులో అధికారులకు ముందే తెలుపవలసి వచ్చేది. చట్టపు పరిధి ఎంతవరకో తెలిసిన వకీళ్లు సభా నిర్వాహకులు కావడంవల్లనే ఇటువంటి ఆంక్షల నడుమ మహాసభలు జరగగలిగాయి. గ్రంథాలయాలు, మాతృభాషలో ప్రాథమిక విద్య, వెట్టిచాకిరీ నిర్మూలన ఉద్యమ ప్రధాన అంశాలయ్యాయి.

తిరుమలగిరి ప్రాంత నేపథ్యం

తిరుమలగిరి, తుంగతుర్తి, సూర్యాపేట, జనగామ పరిసరాల మెట్ట గ్రామాలలో భూమి అధికభాగం దేశముఖులు, పెద్ద పట్టాదారుల అధీనంలో ఉండేది. నీటివసతి ఉన్నది చెరువుల కింద, బావుల కింద మాత్రమే. తరతరాలుగా సాగుచేస్తున్న కౌలుదారు పేరు రికార్డులో ఉండేది కాదు. రికార్డు రాసే పటేలు, పట్వారీ గడీ మాట జవదాటేవారు కారు. కోర్టుకెక్కాలంటే ఊరు దాటి తాలూకా కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లాకు, హైదరాబాద్‌కు నడవాలి. ఫీజు, స్టాంపు, సాక్షుల ఖర్చు భరించే శక్తి పేదరైతుకు లేదు. ఫలితంగా చట్టం ఉన్నా అది గ్రామం పొలిమేర దాటి లోపలికి రాలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో ఈ అసంతృప్తి సాయుధ పోరాటంగా మారింది. న్యాయస్థానం అందుబాటులో లేని రైతు ఆయుధం పట్టాడు. బూర్గుల వంటివారు నమ్మిన రాజ్యాంగబద్ధ మార్గానికి ఇది పెద్ద సవాలు. సాయుధ పోరాట మార్గాన్ని ఆయన ఆమోదించలేదు. అయితే పోరాటం లేవనెత్తిన భూమి ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత నాలుగేళ్లకే ఆయన భుజాలపై పడింది.

స్వాతంత్ర్య సమరంలో

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పూర్తిగా ఏర్పడకముందే ప్రభుత్వం దానిని నిషేధించింది. బూర్గుల ఆ సంస్థ ప్రముఖులలో ఒకరు. క్విట్ ఇండియా ఉద్యమ సందర్భంగా ఆయన కారాగారవాసం అనుభవించారు. 1946లో నిషేధం తొలగిన తరువాత జరిగిన అధ్యక్ష ఎన్నికలో స్వామి రామానంద తీర్థ చేతిలో స్వల్ప తేడాతో పరాజయం పొందారు. స్వామీజీ సత్యాగ్రహ పోరాటానికి, బూర్గుల సంప్రదింపుల మార్గానికి ప్రతినిధులుగా నాటి కార్యకర్తలు భావించేవారు. ఓటమి అనంతరం కూడా ఆయన సంస్థను వీడలేదు.

1947–48లో రజాకార్ల దౌర్జన్యాలు పెచ్చుమీరినప్పుడు హైదరాబాద్ న్యాయవాదులు అపూర్వమైన నిర్ణయం తీసుకున్నారు. బారిస్టరు వినాయకరావు విద్యాలంకార్ ముందు నిలువగా పలువురు వకీళ్లు న్యాయస్థానాలను బహిష్కరించారు. ప్రజల ప్రాణమానాలకు రక్షణ కల్పించలేని ప్రభుత్వపు కోర్టులలో వాదించడం తమ వృత్తిధర్మానికి విరుద్ధమని వారు తలచారు. వకీళ్ల సనదులు నాటి హైకోర్టు చేతిలో ఉండగా ఈ సాహసానికి పూనుకోవడం గమనార్హం. స్వతంత్ర భారతంలో పరిస్థితి వేరు. న్యాయవాదులకు సమ్మె చేసే హక్కు లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వినడానికి సిద్ధంగా ఉన్న కోర్టు ఉన్నప్పుడు కక్షిదారును నిరీక్షింపజేయరాదన్నది దాని సారాంశం. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు 1948నాటి వకీళ్ల చర్య ఎటువంటి అసాధారణ పరిస్థితిలో జరిగిందో బోధపడుతుంది.

న్యాయవాది లేని విచారణ

1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసి, సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత సాయుధ పోరాటానికి సంబంధించిన కేసుల విచారణకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. నల్లగొండ జిల్లాకు చెందిన కొందరు రైతు కార్యకర్తలకు ట్రిబ్యునల్ మరణశిక్ష విధించింది. ఆ కేసులు జనార్దనరెడ్డి తదితరులు, హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం అనే శీర్షికతో సుప్రీంకోర్టుకు చేరి 1951లో ప్రముఖ తీర్పులకు దారితీశాయి. బ్రిటన్‌కు చెందిన ప్రఖ్యాత న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వారి తరఫున వచ్చారు. నిందితులకు విచారణలో న్యాయవాది సహాయం సరిగా అందలేదన్నది వారి ప్రధాన ఫిర్యాదులలో ఒకటి. సుప్రీంకోర్టు వారి అభ్యర్థనను అంగీకరించలేదు. అయినప్పటికీ న్యాయవాది లేకుండా ప్రాణాంతకమైన కేసు విచారించవచ్చునా అన్న ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు తొలినాళ్లలోనే నల్లగొండ నుంచి వెళ్లిందన్నది స్మరణీయం. న్యాయవాద వృత్తి కేవలం జీవనోపాధి కాదనీ, అది లేనిచోట న్యాయమే కుంటుపడుతుందనీ ఈ కేసులు దేశానికి గుర్తుచేశాయి.

రెవెన్యూ మంత్రిగా

1950 జూన్‌లో శ్రీ ఎం.కె. వెల్లోడి మంత్రివర్గంలో బూర్గుల రెవెన్యూ మంత్రిగా చేరారు. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమలులోకి వచ్చింది అదే నెలలో. అంతకు ముందే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. కౌలుదారీ చట్టం నిర్ణీత కాలంలో వరుసగా ఆరేళ్లు భూమి సాగుచేసిన వారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. వారిని ఇష్టానుసారం తొలగించే వీలులేకుండా చేసి, భూమి కొనుగోలులో వారికి హక్కు కల్పించింది. బూర్గుల ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో 1954లో జరిగిన సవరణ ఈ చట్టాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. రక్షిత కౌలుదారుకు యాజమాన్య హక్కు బదిలీ చేసే 38-ఇ సెక్షన్ తెలంగాణ రెవెన్యూ అధికారులకు చిరపరిచితం.

చట్టం ఉత్తమమైనదైనా అమలులో లోపాలు లేకపోలేదు. రికార్డులో పేరు ఎక్కకముందే కౌలుదారులను భూమి నుంచి తొలగించడం, స్వచ్ఛందంగా వదులుకున్నట్లు కాగితాలు రాయించుకోవడం పలుచోట్ల జరిగింది. జాగీర్ల రద్దు, భూసంస్కరణల ఫలితాలపై ఆచార్య ఎ.ఎం. ఖుస్రో 1958లో వెలువరించిన అధ్యయనం ఈ వాస్తవాన్ని నమోదు చేసింది. చట్టం రాసినవారు న్యాయకోవిదులు, అమలు జరిపినవారు గ్రామాధికారులు కావడంతో ఈ అంతరం ఏర్పడింది. పేద కౌలుదారుకు సకాలంలో ఒక వకీలు అండ దొరికినచోట హక్కు నిలిచింది, దొరకనిచోట జారిపోయింది. న్యాయ సహాయం ఒక దానంగా కాక హక్కుగా ఉండవలసిన అవసరాన్ని ఈ అనుభవం తెలియజేస్తుంది.

బూర్గుల రెవెన్యూ శాఖ నిర్వహిస్తున్న కాలంలోనే 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఆచార్య వినోబా భావే సమక్షంలో శ్రీ వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం చేయడంతో భూదానోద్యమం ప్రారంభమైంది.

ముఖ్యమంత్రిగా

1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో షాద్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికైన శ్రీ బూర్గుల అదే ఏడాది మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాల సమాహారమైన రాష్ట్రాన్ని 1956 అక్టోబరు 31 వరకు పాలించారు. మూడు భాషలవారితో వారి వారి భాషలోనే సంభాషించగల ముఖ్యమంత్రి కావడం ఆయనకు కలిసివచ్చిన అంశం.

అధికారం చేపట్టిన ఆరు మాసాలకే కఠిన పరీక్ష ఎదురైంది. స్థానికేతరులకు ఉద్యోగాలు ఇస్తున్నారంటూ వరంగల్‌లో మొదలైన ముల్కీ ఆందోళన హైదరాబాద్‌కు వ్యాపించింది. 1952 సెప్టెంబరు 3, 4 తేదీలలో నగరంలో సిటీ కళాశాల పరిసరాలలో జరిగిన పోలీసు కాల్పులలో విద్యార్థులు, యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఒకప్పుడు ప్రభుత్వ ఆంక్షలను ఎదిరించిన వకీలు నాయకత్వంలోని ప్రభుత్వమే కాల్పులకు జవాబు చెప్పవలసి వచ్చింది. ఈ సంఘటనపై హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో విచారణ జరిపించారు. తన ప్రభుత్వ చర్యను న్యాయ విచారణకు అప్పగించినప్పటికీ జరిగిన ప్రాణనష్టం బూర్గుల పాలనపై చెరగని మచ్చగా మిగిలింది. ముల్కీల సమస్య తదనంతర దశాబ్దాలలోనూ తెలంగాణ రాజకీయాలను ప్రభావితం చేసింది.

నల్లగొండ మెట్ట ప్రాంతాలకు కృష్ణా జలాలు అందించే నాగార్జునసాగర్ ప్రాజెక్టు సాధనలో ఆయన విశేష కృషి చేశారు. 1955 డిసెంబరు 10న ప్రధాని పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు.

పదవీ త్యాగం

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో సమర్పించిన నివేదికలో హైదరాబాద్ రాష్ట్రాన్ని తెలంగాణ ప్రాంతంతో ప్రస్తుతానికి విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత మూడింట రెండు వంతుల మెజారిటీతో శాసనసభ కోరితే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. విలీనంపై తెలంగాణ ప్రజలలో వ్యతిరేకత ఉన్నదన్న సంగతిని బూర్గుల కాంగ్రెస్ అధిష్ఠానానికి నివేదించారు. హైదరాబాద్ శాసనసభలో అభిప్రాయం వెల్లడించిన 147 మంది సభ్యులలో 103 మంది విశాలాంధ్రను సమర్థించగా, 29 మంది వ్యతిరేకించారు, 15 మంది తటస్థంగా ఉన్నారు. చివరికి అధిష్ఠానం నిర్ణయానికి ఆయన తలవొగ్గారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన బూర్గులతో పాటు శ్రీయుతులు కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు సంతకాలు చేశారు. ఆంధ్ర పక్షాన శ్రీయుతులు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకం చేశారు. ఉద్యోగాలు, భూములు, ఆదాయ వినియోగం, ప్రాంతీయ మండలి తదితర అంశాలలో తెలంగాణకు రక్షణలు ఈ ఒప్పందంలో పొందుపరచబడ్డాయి. ఆ రక్షణలు సక్రమంగా అమలు కాలేదన్న ఆవేదన 1969 ఉద్యమానికి, తదుపరి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర ఆవిర్భావానికి దారితీసింది. ఒప్పందం రాసుకున్నంత మాత్రాన సరిపోదనీ, దాని ఉల్లంఘనకు పరిహారం చెప్పే అధికార వేదిక కూడా ఉండాలనీ ఈ చరిత్ర బోధిస్తుంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో ముఖ్యమంత్రి పదవి శ్రీ నీలం సంజీవరెడ్డికి దక్కింది. రాష్ట్రాన్ని తన చేతులమీదుగా అప్పగించి బూర్గుల పదవి నుంచి వైదొలగారు.

గవర్నరుగా

1956 నవంబరులో శ్రీ బూర్గుల కేరళ గవర్నరుగా నియమితులయ్యారు. 1957 ఏప్రిల్ 5న శ్రీ ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వంలోని కమ్యూనిస్టు మంత్రివర్గం చేత ఆయన ప్రమాణ స్వీకారం చేయించారు. తెలంగాణలో కమ్యూనిస్టులతో రాజకీయంగా విభేదించిన నాయకుడు అక్కడ వారి ప్రభుత్వానికి రాజ్యాంగ అధిపతి కావడం విశేషం. కేరళ విద్యా బిల్లు వివాదాస్పదమైనప్పుడు ఆయన దానిని రాష్ట్రపతి పరిశీలనకు నివేదించారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరగా, ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.ఆర్. దాస్ నేతృత్వంలోని ధర్మాసనం 1958 మేలో అభిప్రాయం వెల్లడించింది. అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థల హక్కులపై నేటికీ ఆ అభిప్రాయం ప్రమాణంగా ఉన్నది.

మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సాగిన విమోచన సమరం నేపథ్యంలో గవర్నరు పంపిన నివేదిక ఆధారంగా 1959 జూలై 31న కేంద్రం కేరళ మంత్రివర్గాన్ని తొలగించి రాష్ట్రపతి పాలన విధించింది. శాసనసభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని 356వ అధికరణం కింద తొలగించడం తీవ్ర విమర్శలకు గురైంది. బూర్గుల ప్రజాజీవితంలో అత్యంత చర్చనీయమైన ఘట్టం ఇదే. ఇటువంటి నిర్ణయాలు న్యాయ సమీక్షకు లోబడి ఉంటాయని, మెజారిటీ తేలవలసినది శాసనసభలోనేనని 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

1960 జూలై నుంచి 1962 ఏప్రిల్ వరకు ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. తదుపరి 1962 నుంచి 1966 వరకు రాజ్యసభ సభ్యులుగా సేవలందించారు.

వృత్తికి స్వపరిపాలన

బూర్గుల లక్నో రాజభవన్‌లో ఉన్న కాలంలో ఆయన పూర్వపు వృత్తికి దేశవ్యాప్తంగా స్వపరిపాలన లభించింది. న్యాయవాద వృత్తి సంస్కరణల కోసం 1951లో ఏర్పాటైన అఖిల భారత బార్ కమిటీకి జస్టిస్ ఎస్.ఆర్. దాస్ అధ్యక్షులు. కేరళ విద్యా బిల్లుపై అభిప్రాయం చెప్పిన ధర్మాసనానికి నేతృత్వం వహించినవారూ ఈయనే. దేశానికంతటికీ ఒకే న్యాయవాదుల జాబితా, రాష్ట్రాలలోనూ జాతీయ స్థాయిలోనూ స్వతంత్ర బార్ కౌన్సిళ్లు ఉండాలని 1953లో ఆ కమిటీ సిఫారసు చేసింది. ఈ సిఫారసులు 1961 న్యాయవాదుల చట్టంగా రూపొందాయి. భారత బార్ కౌన్సిల్ తొలి అధ్యక్షులుగా శ్రీ ఎం.సి. సెతల్వాడ్ వ్యవహరించారు.

వకీలు, ప్లీడరు, ముఖ్తారు వంటి వివిధ తరగతుల స్థానంలో ఒకే న్యాయవాద వర్గాన్ని ఈ చట్టం సంకల్పించింది. బొంబాయి, కలకత్తాలలో మిగిలిన సొలిసిటర్ల, అటార్నీల ప్రత్యేక తరగతి కూడా 1976 సవరణతో ముగిసింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో న్యాయవాదుల సంఖ్యను బట్టి 15, 20 లేదా 25 మంది ఎన్నికైన సభ్యులు ఉంటారు. అడ్వకేట్ జనరల్ పదవి రీత్యా సభ్యులు. అర్హులను జాబితాలో చేర్చుకోవడం, వృత్తి ప్రమాణాలు కాపాడటం, న్యాయవాదుల హక్కులు రక్షించడం, పేదలకు న్యాయ సహాయం నిర్వహించడం కౌన్సిల్ విధులు.

న్యాయవాదిపై ఫిర్యాదు అందినప్పుడు ప్రాథమికంగా ఆధారం ఉన్నదని కౌన్సిల్ భావిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘానికి నివేదిస్తుంది. ఇరుపక్షాలను విచారించిన పిదప సంఘం ఫిర్యాదును కొట్టివేయవచ్చును, మందలించవచ్చును, కొంతకాలం వృత్తి నుంచి నిలిపివేయవచ్చును, లేదా జాబితా నుంచి పేరు తొలగించవచ్చును. ఏడాదిలోగా విచారణ ముగియకపోతే వ్యవహారం భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. తీర్పుతో తృప్తిపడనివారు 60 రోజులలోగా భారత బార్ కౌన్సిల్‌కు, అటుపిమ్మట సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చును. 1926 చట్టంలో సగం అడుగుగా మిగిలిన స్వపరిపాలన ఈ విధంగా పూర్తయింది. కేసు గెలిస్తే వాటా ఇవ్వాలన్న ఒప్పందంతో రుసుము తీసుకోరాదని, ప్రకటనల ద్వారా కక్షిదారులను ఆకర్షించరాదని భారత బార్ కౌన్సిల్ నియమాలు నిర్దేశిస్తున్నాయి.

1956 నవంబరు 5న గుంటూరులోని ఆంధ్ర హైకోర్టు, హైదరాబాద్ హైకోర్టు ఒకటై హైదరాబాద్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏర్పడినప్పుడు ఉర్దూలో వాదించడం నేర్చిన వకీళ్లు, మద్రాసు సంప్రదాయంలో పెరిగిన అడ్వకేట్లు ఒకే బార్‌గా కలిశారు. 1961 చట్టం వారందరినీ ఒకే జాబితాలోకి తెచ్చింది. 2019 జనవరి 1న తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు ఏర్పాటైంది. రాష్ట్రానికి ప్రత్యేక బార్ కౌన్సిల్ కూడా ఉన్నది. మారుమూల గ్రామం నుంచి వచ్చిన యువతీ యువకులు న్యాయశాస్త్ర పట్టా పొంది, తమవారే ఎన్నుకున్న మండలి ముందు పేరు నమోదు చేసుకునే అవకాశం నేడు ఉన్నది. సనదు కోసం రాజ్యం దయపై ఆధారపడిన 1923నాటి స్థితితో పోల్చినప్పుడు ఈ మార్పు విలువ తెలుస్తుంది.

సాహితీ సేవ, అస్తమయం

రాజకీయ వ్యాపకాల నడుమ కూడా బూర్గుల సాహిత్య వ్యాసంగాన్ని విడనాడలేదు. కృష్ణ శతకం, సారస్వత వ్యాస ముక్తావళి, పండితరాజ పంచామృతం ఆయన రచనలలో పేర్కొనదగినవి. సంస్కృత, పారశీక సాహిత్యాల మాధుర్యాన్ని తెలుగు పాఠకులకు అందించిన ఘనత ఆయనది. 1967 సెప్టెంబరులో శ్రీ బూర్గుల పరమపదించారు. హైదరాబాద్‌లో ఆయన పేరిట నెలకొన్న బూర్గుల రామకృష్ణారావు భవన్ పలు ప్రభుత్వ కార్యాలయాలకు నిలయమైంది. 2019 నుంచి 2023 వరకు తెలంగాణ సచివాలయం తాత్కాలికంగా ఈ భవనం నుంచే పనిచేసింది.

బూర్గుల జీవితంలో విజయాలతో పాటు విమర్శకు గురైన నిర్ణయాలూ ఉన్నాయి. దేవరకొండ సభాధ్యక్షత, కౌలుదారీ చట్టం, సాగర్ ఒకవైపు ఉండగా 1952 కాల్పులు, కేరళ నివేదిక మరొకవైపు ఉన్నాయి. అయినా తాను చేపట్టిన ప్రతి పదవినీ ఆయన నియమబద్ధమైన బాధ్యతగానే భావించారు, గడువు తీరినప్పుడు నిరాడంబరంగా అప్పగించారు. అధికారంలో ఉన్నవారికి జవాబుదారీ వ్యవస్థ ఎంత అవసరమో, న్యాయవాద వృత్తికి తన సభ్యులను తానే విచారించుకునే మండలి అంత అవసరం. రక్షిత కౌలుదారు పేరు రికార్డులో చేరేవరకు అతని పక్షాన నిలిచే వకీలు, ఆ వకీలు తప్పుచేస్తే నిలదీసే కౌన్సిల్, రెండూ సక్రమంగా పనిచేసినప్పుడే చట్టం గ్రామం పొలిమేర దాటి లోపలికి వస్తుంది. తిరుమలగిరి వంటి ప్రాంతాల ప్రజలకు ఆ న్యాయం అందుబాటులోకి తేవడమే బూర్గులకు అర్పించగల నిజమైన నివాళి.